జల్లాఖ్ కోర్టులో ఓడిపోయే ఉద్యోగం

నా వృత్తి జీవితంలో గెలిచి సంపాదించిన దానికంటే ఓడి సంపాదించిందే ఎక్కువ. ఈ మాట నేను అకాడమీల ప్రారంభోత్సవాల్లో చెప్పను. అక్కడ శాలువా కప్పుతారు, కప్పినవాళ్ళను నొప్పించడం మర్యాద కాదు. ఇక్కడ శాలువా లేదు కాబట్టి చెబుతున్నాను.

టెన్నిస్‌నే బతుకుతెరువు చేసుకుందామనుకుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ గది గోడమీద బొమ్మలో ఉన్న ఛాంపియన్ గురించి నాకేమీ తెలియదు. ఆయన వృత్తి వేరు, మన వృత్తి వేరు. ఆయన ఆడుతుంటే జనం చూస్తారు. మనం ఆడుతుంటే పక్కనున్నవాడు కోర్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తాడు. ఆ రెండో రకం ఆటగాళ్ళే లోకంలో ఎక్కువ. వాళ్ళ గురించి ఎవరూ రాయరు కనుక, పోటీ లేని చోట నేను ముందుకొచ్చాను. పోటీ ఉన్న చోట నేను ఏం చేశానో కిందనే ఉంది.

జాబితా చివరి పేజీ

మాది కాకినాడ. మా నాన్న అక్కడి క్లబ్బులో గుమాస్తా కావడంతో రాకెట్ నా చేతికి వచ్చింది. అది వచ్చాక చదువు తనంతట తాను వెళ్ళిపోయింది. పాతికేళ్ళు నిండేలోపు దేశమంతా రైళ్ళలో తిరిగి చిన్న చిన్న టోర్నమెంట్లు ఆడాను. ప్రపంచ ర్యాంకుల జాబితాలో ఒక ఏడాది పాటు నా పేరు ఉంది. మొదటి పేజీ నుంచి వెతికితే నిద్ర ముంచుకొస్తుంది, వెనక నుంచి వెతికితే త్వరగా దొరుకుతుంది. నాకున్నది ఒక్క పాయింటు. ఏడాది తిరిగితే పాత పాయింట్లు చెల్లవు. నా పేరూ అలాగే చెల్లకుండా పోయింది.

ఆ తరువాత హైదరాబాదులో ఒక క్లబ్బులో మార్కర్‌గా చేరాను. అంటే సభ్యులకు ఎదురుగా నిలబడి బంతి తిరిగి కొట్టే జీతగాడు. పొద్దున్నే డాక్టర్లు, సాయంత్రం కాంట్రాక్టర్లు. పొట్ట ముందు, బంతి తరువాత వచ్చే మనుషులు.

బూ ఫైసల్ నన్ను అక్కడే చూశాడు. బూ ఫైసల్ అంటే ఫైసల్ తండ్రి. బహ్రెయిన్‌లో పెద్దమనిషిని పెద్దకొడుకు పేరుతో అలా పిలుస్తారు. బావమరిదికి ఆపరేషన్ చేయించడానికి హైదరాబాదు వచ్చి, తోచక క్లబ్బుకు వచ్చేవాడు. ఒకరోజు నేను ఊళ్ళో టోర్నమెంటులో ఫైనల్ ఆడుతుంటే చివరిదాకా నిలబడి చూశాడు. ఆ రోజు నేను నిజంగానే బాగా ఆడాను. ఆట అయ్యాక నా భుజం తట్టి, హిందీలో, "జల్లాఖ్‌లో మా ఇంటి వెనక కోర్టు ఉంది. ఆడేవాడు లేడు. వస్తావా?" అన్నాడు.

కువైట్ యుద్ధం సద్దుమణిగి గల్ఫ్‌కు మళ్ళీ మనుషులు వెళుతున్న రోజులవి. వెళ్ళాను. వీసాలో నా వృత్తి స్టోర్ కీపర్ అని రాసి ఉంది. నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బూ ఫైసల్. ఆయనది టైల్స్, శానిటరీ సామాను వ్యాపారం. టెన్నిస్ ఆటగాడు అనే ఉద్యోగం ఆయన కంపెనీ పట్టికలో లేదు. ప్రపంచ జాబితాలో లేనివాడికి కంపెనీ జాబితాలో లేకపోవడం పెద్ద బాధ కాదు.

ఏం పని చేస్తవు తమ్మీ

నా మంచం మామీర్‌లో, కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో. పక్కనే సిత్రా ఫ్యాక్టరీలు. గాలి అటునుంచి వీస్తే అన్నం కూడా గంధకం వాసన వేసేది. పొద్దున స్టోర్‌లో కమోడ్లు లెక్కపెట్టేవాణ్ణి. మధ్యాహ్నం మూడింటికి వ్యాను ఎక్కి జల్లాఖ్ వెళ్ళేవాణ్ణి. సముద్రానికి దగ్గరగా పెద్ద ఇల్లు, వెనక పచ్చరంగు కోర్టు.

నా పక్క మంచం మల్లేశన్నది. జగిత్యాల వైపు మనిషి, టైల్స్ వేసే మేస్త్రి, నాకంటే పదేళ్ళు పెద్ద. మొదటి వారంలో అడిగాడు.

"ఏం పని చేస్తవు తమ్మీ?"

"టెన్నిస్ ఆడతాను."

"ఆడుడు సరే. పనేంది?"

"అదే పని. మన కఫీల్‌తో ఆడతాను. రోజూ ఓడిపోతాను."

మల్లేశన్న బీడీ తీసి చేతిలో పెట్టుకున్నాడు. "ఓడిపోనీకి జీతమిస్తుండా? మేం దుబాయి వచ్చి ఇన్నేండ్లాయె, ఫుకట్ల ఓడిపోతున్నం గద."

"ఇది దుబాయి కాదన్నా, బహ్రెయిన్."

"నీకు ఏరు కావచ్చు. నాకైతే గదే ఉక్క, గదే డ్యూటీ."

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నన్ను ఓడిపొమ్మని ఎవరూ అడగలేదు. మొదటి రోజు బూ ఫైసల్ రాకెట్ తిప్పుతూ "యల్లా కాప్టెన్, ఒక సెట్టు" అన్నాడు. యల్లా అంటే పద అని. అక్కడ కోచ్‌లను కాప్టెన్ అంటారు. ఆయన నెట్ అవతల నిలబడగానే నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉందన్న సంగతి గుర్తొచ్చింది. అంతే, నా చెయ్యి తనంతట తాను మెత్తబడింది. ఏడు అయిదుతో ఓడిపోయాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను తెలివైనవాణ్ణనుకున్నాను. చాలామంది జీవితాలు ఇలాంటి తెలివితోనే పాడవుతాయి.

ఓడిపోవడంలో మెళకువలు

గెలవడం ఎలాగో చెప్పే పుస్తకాలు మీకు చాలా దొరుకుతాయి. నాకు అనుభవం ఉన్న రెండో విద్య గురించి నాలుగు మాటలు చెబుతాను.

వరసగా తప్పులు చేసి ఓడడం చేతకానివాడి పని. యజమాని వెంటనే పట్టేస్తాడు. ముందు మీరు ఆధిక్యంలోకి వెళ్ళాలి. నాలుగు ఒకటి దాకా లాక్కెళ్ళాలి. అప్పుడు ఆయన చెమట తుడుచుకుని పళ్ళు బిగిస్తాడు. ఆ బిగింపుకు ఫలితం దక్కేలా చూడటమే మీ ఉద్యోగం. బంతి ఆయన ఫోర్‌హ్యాండ్ వైపు, నడుమెత్తులో, తాపీగా రావాలి. తొందరపడే బంతిని ఆయన అందుకోలేడు, మరీ నెమ్మదైన బంతికి ఆయన అవమానపడతాడు. ఈ రెంటికీ మధ్యనున్న బంతిని నేను కనిపెట్టాను. దాని మీద నా పేరు పెట్టుకోవచ్చు.

డబుల్ ఫాల్ట్ చెయ్యకూడదు, అది దానం చేసినట్టు కనబడుతుంది. లైను మీద పడవలసిన బంతి నాలుగు వేళ్ళు బయట పడాలి. పడగానే మిమ్మల్ని మీరు తిట్టుకోవాలి. తెలుగులో తిట్టుకుంటే నిజంగా కోపం వచ్చినట్టుంటుంది. ఆయన బాగా కొట్టినప్పుడు రాకెట్ తీగల మీద అరచేత్తో తట్టాలి. చేతులు చరిస్తే పొగిడినట్టు. తీగలు తడితే ఒక ఆటగాడు ఇంకో ఆటగాణ్ణి గౌరవించినట్టు. ఇలాంటి చిన్న తేడాల్లోనే వృత్తి నైపుణ్యం ఉంటుంది.

మోకాలి నొప్పి మాత్రం వాడుకోవద్దు. నేనొకసారి వాడాను. ఆయన ఎంత కంగారు పడ్డాడంటే సొంత కారులో సల్మానియా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాడు. డాక్టరు "ఎముక రాయిలా ఉంది" అంటే నాకంటే ఆయనే సంతోషించాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాకు దానిమ్మ రసం ఇప్పించాడు. ఆ రసం గొంతు దిగుతున్నప్పుడైనా నాకు సిగ్గు వేయవలసింది. వేయలేదు. బాగుంది అనుకున్నాను.

సంతకాల రోజులు

నా ఓటములకు కొద్దికాలంలోనే మార్కెట్ ఏర్పడింది.

ఆట అయ్యాక బూ ఫైసల్ మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే ముందుగదిలో, చాయ్ తాగుతూ కంపెనీ కాగితాలు చూసేవాడు. సెలవు దరఖాస్తులు కూడా అప్పుడే. గెలిచిన రోజు సంతకం, ఓడిన రోజు "తరువాత చూద్దాం". ఓడిన రోజులు ఎందుకున్నాయంటే, ప్రతిసారీ నేనే ఓడితే అనుమానం వస్తుందని వారానికి ఒకసారి నేను గెలిచేవాణ్ణి. ఆయన గెలుపుకు ఇంత విలువ ఉందని మొదట కనిపెట్టింది సత్యవతిగారు. అమలాపురం దగ్గరి మనిషి, ఆ ఇంట్లో వంటా ఇంటిపనీ చేసేవారు. కోర్టుకు నిమ్మరసం తెచ్చేది ఆవిడే. అక్కడి పద్ధతిలో యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ అనేవారు.

"మాస్టారండీ, ఓ మాట సెప్తాను ఏవనుకోకండి," అన్నారు ఒకరోజు గ్లాసు అందిస్తూ. "బాబా నెగ్గిన రోజున మామా కూడా కసరదండి. పిల్లలకి ఐసుక్రీములు, మాకు తొందరగా తలుపులేసుకోడాలు. మీరు నెగ్గిన రోజున మాత్రం పులుసులో ఉప్పెక్కువైందంటారండి. ఉప్పు అంతే ఏసానండి నేను."

"ఇంట్లో వాళ్ళందరి కోసం నేను ఓడాలంటారా?"

"నేనెందుకంటానండి. ఉప్పు సంగతి సెప్పేనంతే."

ఆ మాట వ్యాను డ్రైవరు ద్వారా క్యాంపుకు చేరింది. అప్పటినుంచి నాకు గిరాకీ పెరిగింది. "సారూ, బుధవారం నాది పెట్టిన. జర చూస్కో." "గురువారం ఓడుతున్నవా, గెలుస్తున్నవా? ముందుగల్ల జెప్తే కాయిదం ఆపుకుంట." శుక్రవారం కోడికూరలో నాకు కాలు, టీవీ ముందు నాకు కుర్చీ. సంతకం అయిన ప్రతివాడూ ఊరికి వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. దేశానికి ఆడినవాళ్ళకు కూడా ఇంత గౌరవం దక్కి ఉండదు. నేను పుణ్యం చేస్తున్నానని నమ్మడం మొదలుపెట్టాను. అబద్ధానికి పుణ్యం తోడైతే ఇక దాన్ని ఎవరూ ఆపలేరు.

చీటీల్లో వచ్చిన జోడీ

ఇలా మూడేళ్ళు గడిచాక, ఆ చలికాలంలో గల్ఫ్‌లో ఒక చిన్న టోర్నమెంట్ల వరస పెట్టారు. అందులో ఒక వారం బహ్రెయిన్‌లో. క్వాలిఫైయింగ్‌లో ఎవరైనా పేరు ఇవ్వొచ్చు. అది దాటి అసలు పోటీలో నాలుగు మంచి ఆటలు ఆడితే పాయింటు రావచ్చు, పేరు మళ్ళీ జాబితాకు ఎక్కవచ్చు. నాకు ముప్పై దగ్గరపడుతోంది. ఇది పోతే ఇంకోటి లేదు. ఆ సంగతి నాకు తెలుసు, క్యాంపుకూ తెలుసు.

పేరు ఇచ్చాను. ఫ్యాక్టరీల గోడ పక్కన తెల్లవారకముందే పరుగెత్తడం మొదలుపెట్టాను. మల్లేశన్న నిద్రకళ్ళతో లేచి, "ఇన్నొద్దులకు నువ్వు గూడ ఓవర్‌టైం జేస్తున్నవ్," అనేవాడు. అప్పుడు ఆయన మనసంతా ఊళ్ళో కట్టుకుంటున్న సొంత ఇంటి మీద ఉంది. అందరి ఇళ్ళకూ టైల్స్ వేసే మనిషి. తన ఇంటికి ఇంకా స్లాబు పడలేదు. వానలు మొదలయ్యేలోపు వెళ్ళి పోయించాలి, సెలవు కావాలి. కాగితం మజ్లిస్‌లో ఉంది.

బూ ఫైసల్ కూడా ఆ పోటీకి పేరు ఇచ్చాడు. టోర్నమెంటుకు విరాళం ఇచ్చిన పెద్దమనిషి కనుక నిర్వాహకులు సంతోషంగా రాసుకున్నారు. మూడేళ్ళుగా ఒక ప్రొఫెషనల్‌ను వారానికి నాలుగుసార్లు ఓడిస్తున్నవాడు పేరు ఇవ్వకపోతేనే ఆశ్చర్యం. ఆ నమ్మకాన్ని తయారుచేసింది నేనే. అప్పటికి కూడా నాకు నవ్వే వచ్చింది గానీ భయం రాలేదు.

చీటీలు తీసిన సాయంత్రం భయం వచ్చింది. మొదటి రౌండులో నా పేరు ఎదురుగా ఆయన పేరు.

బూ ఫైసల్ గట్టిగా నవ్వి నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "కాప్టెన్, విను. అక్కడ నేను నీ కఫీల్‌ని కాదు. నీ ఆట నువ్వు ఆడు. నేను రోజూ గెలుస్తున్నానని భయపడకు, టోర్నమెంటులో ఏమైనా కావచ్చు."

ఇంతకంటే తేటగా ఏ యజమానీ చెప్పడు. ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు.

క్యాంపుకు వచ్చేసరికి మల్లేశన్న పెట్టె సర్దుకుంటున్నాడు. కాగితం మీద సంతకం ఆ మధ్యాహ్నమే అయిపోయిందట.

"చీటీల నీకు ఆయనే పడ్డడట గద? నా పని అయిపాయె తమ్మీ. నా కోసమని ఏం జెయ్యకు. ఇగ కొట్టు. ఎట్ల కొడ్తవో ఒక్కపారి నేను సూడాలె. మూడేండ్ల సంది నువ్వు ఆటగానివని నీ నోటెంటనే ఇంటున్న."

నా అత్యుత్తమ ప్రదర్శన

మ్యాచ్ మొదలైంది. నిజంగానే కొట్టాను. ఒకటి సున్నా, రెండు సున్నా, చివరికి నాలుగు ఒకటి. బూ ఫైసల్ నుదురు తుడుచుకుని పళ్ళు బిగించాడు. ఇదంతా నాకు పాత దారే కదా, ఎప్పుడూ నాలుగు ఒకటి దాకా వచ్చేవాణ్ణే. ఇక్కడినుంచి ముందుకు వెళ్ళే దారి మాత్రం మూడేళ్ళుగా నడవలేదు.

పక్క కోర్టులో ఒక కుర్రవాడు సాధన చేస్తున్నాడు. తూర్పు యూరప్ నుంచి వచ్చినవాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. మా ఇద్దరిలో గెలిచినవాడు మరునాడు అతనితో ఆడాలి. వైపులు మారేటప్పుడు నీళ్ళు తాగుతూ అతని బంతి చప్పుడు విన్నాను. చూడలేదు, విన్నానంతే. బల్లమీద చేత్తో గట్టిగా చరిచినట్టు, ఒకే తూకంలో, ఆగకుండా. నా బంతి ఆ చప్పుడు ఎప్పుడూ చేయలేదు. నా మంచి రోజుల్లో కూడా.

ఆ తరువాత గేములో నా మొదటి బంతి బూ ఫైసల్ ఫోర్‌హ్యాండ్ వైపు, నడుమెత్తులో, తాపీగా వెళ్ళింది.

ఆరు నాలుగు, ఆరు నాలుగుతో ఓడిపోయాను. లైనుకు నాలుగు వేళ్ళ అవతల కొట్టాను, తెలుగులో తిట్టుకున్నాను, తీగలు తట్టాను. ఒక్క డబుల్ ఫాల్ట్ లేదు. చివరి పాయింటుకు బూ ఫైసల్ రాకెట్ గాల్లోకి విసిరి, నెట్ దాటి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన కొడుకులు ఫొటోలు తీశారు.

బయట మల్లేశన్న నా సంచీ అందుకుని వ్యాను ఎక్కాడు. వ్యానులో సగం దూరం వచ్చాక, "నాకు ఆట తెల్వదు తమ్మీ," అన్నాడు. "గని నాలుగు గేములు ఒక మనిషి ఆడిండు. ఎన్క ఇంకో మనిషి ఆడిండు. గా మొదటోడు ఏడికి పోయిండు?"

ఈ కథను చాలా ఏళ్ళు నేను వేరుగా చెప్పుకున్నాను. తోటి తెలుగువాడి ఇంటి స్లాబు కోసం నా కెరీర్‌ను త్యాగం చేశానని. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు, ఒకరిద్దరు శాలువా కూడా కప్పారు. ఆ కాగితం మీద సంతకం ముందురోజే అయిందన్న సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. ఉద్యోగం పోతుందనే భయమా? అదీ కాదు, కఫీలే కొట్టమన్నాడు. నేను ఓడింది ఆ చప్పుడుకు. మరునాడు ఆ కుర్రవాడితో ఆడితే నేను ఎంతవాణ్ణో అందరికీ, ముఖ్యంగా నాకు, తెలిసిపోతుంది. కావాలని ఓడినవాడికి ఓటమి అంటదు. కావాలనుకుంటే గెలిచేవాణ్ణే కదా అని జీవితాంతం చెప్పుకోవచ్చు. మూడేళ్ళుగా నేను తయారుచేసుకున్నది అసలు ఆ మందు. అది యజమాని కోసం అనుకున్నాను. తాగింది నేను.

దయగల బంతి

మరునాడు బూ ఫైసల్ రెండో మ్యాచ్. క్యాంపు నుంచి రెండు బస్సుల జనం. డ్యూటీ మాఫీ చేసి, జెండాలు చేతికిచ్చి పంపించారు. ఆయన భార్య, కొడుకులు, తమ్ముళ్ళు ముందు వరసలో. నేను కోచ్‌ని కనుక నాకు కుర్చీ వేశారు.

చెప్పడానికి ఎక్కువ లేదు. ఆ కుర్రవాడి సర్వీసు ఆయన రాకెట్‌కు తగలలేదు. బంతి వెళ్ళిపోయాక ఆయన తిరిగేవాడు. జెండాలు ఊపడం ఎప్పుడు ఆపాలో తెలియక జనం కొంతసేపు అలాగే ఊపారు. మొదటి సెట్టు సున్నా. రెండో సెట్టు అయిదు సున్నా దగ్గర ఆ కుర్రవాడు ముందు వరసలో పిల్లల్ని చూశాడు. మంచివాడు. పెద్దాయనకు ఒక్క పాయింటైనా ఇద్దామనుకున్నాడు.

బంతి ఫోర్‌హ్యాండ్ వైపు, నడుమెత్తులో, తాపీగా వచ్చింది. తొందరపడలేదు, మరీ నెమ్మదిగానూ లేదు.

బూ ఫైసల్ దాన్ని మూల లైను మీదికి కొట్టాడు. జనం ఊపిరి వచ్చినట్టు చప్పట్లు కొట్టారు. ఆ కుర్రవాడు రాకెట్ తీగల మీద అరచేత్తో తట్టాడు.

బూ ఫైసల్ అతనివైపు చూడలేదు. తిరిగి నావైపు చూశాడు. ఆ బంతిని ఆయన గుర్తుపట్టాడు. మూడేళ్ళు రోజూ చూసిన బంతి అది. కోర్టులో, ఎండలో, అందరి ముందు నిలబడి ఆయన ఆ మూడేళ్ళనూ వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలిసింది. నేను కిందికి వంగి బూటు తాడు కట్టుకున్నాను. తాడు ఊడలేదు.

మూడు గేములు

రెండురోజులు వ్యాను నాకోసం రాలేదు. మూడో రోజు వచ్చింది. పెట్టె సర్దుకునే వెళ్ళాను. సత్యవతిగారు గేటు దగ్గర గొంతు తగ్గించి, "బాబా కోర్టులోనే కూకున్నారండి, అన్నానికి కూడా లేవలేదు. మీరు ఎదురు మాటాడకండేం," అన్నారు.

ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"మొదటి రోజు నుంచి."

"నేను అడిగానా?"

"లేదు."

"ఇంకెవరైనా ఓడమన్నారా?"

"లేదు. నేనే."

ఆయన గొంతు పెంచలేదు. పెంచితే నాకు తేలికగా ఉండేది. "నాకు ఓడిపోయేవాళ్ళు తక్కువా కాప్టెన్? నా మేనేజరు చదరంగంలో ఓడిపోతాడు. నా బావమరిది పేకాటలో ఓడిపోతాడు. నేను చెప్పిన జోకుకు కంపెనీ అంతా నవ్వుతుంది. హైదరాబాదులో నువ్వు ఆడుతుంటే చూసి, ఇతను నన్ను నిజంగా ఓడిస్తాడు, నేను నేర్చుకుంటాను అనుకున్నాను. అందుకు తెచ్చుకున్నాను నిన్ను. నువ్వు కూడా నా మేనేజరువేనన్నమాట."

నేను చేతిలోని పెట్టె కింద పెట్టాను.

ఆయన లేచి రాకెట్ తీసుకున్నాడు. "యల్లా. ఒక సెట్టు. నిజంది."

ఆడాను. నా బలమంతా పెట్టి ఆడాను. పిల్లలూ, మీకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. నా చెయ్యి వినలేదు. మూలకు కొడదామనుకున్న బంతి మధ్యకు వచ్చి నడుమెత్తులో లేస్తోంది. పరుగెత్తవలసిన చోట కాలు అర అడుగు ఆలస్యంగా కదులుతోంది. నాలుగు వేళ్ళు లోపల పడవలసిన బంతి, అలవాటు ప్రకారం, నాలుగు వేళ్ళు బయట పడుతోంది. దొంగ ఓటములు అసలు ఆటను తాకవనీ, అది లోపలెక్కడో పెట్టెలో భద్రంగా ఉంటుందనీ అనుకున్నాను. పెట్టె తెరిస్తే చెదలు. రోజూ ఏది చేస్తే చెయ్యి అదే నేర్చుకుంటుంది. మీరు మనసులో ఏమనుకుంటూ చేశారో దానికి అక్కరలేదు.

ఆరు మూడుతో గెలిచాను. ఆయన నా దగ్గర మూడు గేములు తీసుకున్నాడు.

ఆయన తీసుకున్న మూడో గేములో చివరి బంతి ఇప్పటికీ నా కళ్ళముందుంది. సముద్రం వైపు మూలకు గట్టిగా కొట్టాను. ఆ వయసులో, ఆ పొట్టతో ఆయన దాన్ని అందుకోకూడదు. అందుకున్నాడు. శరీరం మొత్తం వెనక్కి వాలి, ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టాడు. బంతి నెట్ చివరి స్తంభం పక్కనుంచి తిరిగి లైను మీద పడింది. నేను పరుగెత్తాను. ఉన్నదంతా పెట్టి పరుగెత్తాను. అందలేదు.

ఆట అయ్యాక ఆయన నెట్ దగ్గరికి వచ్చాడు.

"ఆ మూడు గేములు?" అన్నాడు.

"మీవే. నేను వదల్లేదు."

"వల్లా?"

"వల్లా. మా అమ్మ మీద ఒట్టు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తరువాత చిన్నగా నవ్వి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పాపం కాప్టెన్. ఇవాళ కూడా ఇవ్వకుండా ఉండబట్టలేకపోయావు. ఖలాస్." అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నన్ను తిట్టలేదు, జీతం ఆపలేదు. పాస్‌పోర్టు, టిక్కెట్టు మజ్లిస్‌లో సిద్ధంగా ఉంచాడు. నేను ఇంటికి వచ్చి కోచ్‌నయ్యాను. తల్లిదండ్రులకు "మీవాడిది బంగారు చెయ్యండీ" అని చెప్పే కోచ్‌లు ఎలా బతుకుతారో నాకు బాగా తెలుసు. కొంతకాలం నేనూ అలాగే బతికాను. తరువాత మానేశాను. నా అకాడమీ చిన్నదిగానే మిగిలిపోవడానికి ఇంకా చాలా కారణాలు ఉన్నాయి, అందులో ఇదొకటి.

బూ ఫైసల్ ఆ తరువాత ఎవరితోనూ ఆడలేదని మల్లేశన్న సెలవు నుంచి తిరిగి వెళ్ళాక ఫోనులో చెప్పాడు. కోర్టులో ఇప్పుడు టైల్స్ పెట్టెలు పెడుతున్నారట. అంటే తన జీవితంలోకెల్లా మంచి దెబ్బ కొట్టానని తెలియకుండానే ఆ మనిషి ఆట మానేశాడు. ఆ బ్యాక్‌హ్యాండ్‌ను చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా సాక్ష్యం చెల్లదు.